గేదెల వ్యాను: ఎక్కించే అరగంటకు ఇచ్చే కిరాయి

విశాఖ శివార్లలోని పెందుర్తి, సొంఠ్యాం, ఆనందపురం ప్రాంతాల్లో పాడి పెంచుకునేవారికి ‘గేదెల వ్యాను’ అంటే ఏ బండో విడమరిచి చెప్పనక్కర లేదు. దానికి కంపెనీ పేరు గానీ, బోర్డు గానీ, ముద్రించిన రేట్ల పట్టిక గానీ లేవు. ఫోను నంబరు ఒక శాల నుంచి మరో శాలకు నోటిమాటగా చేరుతుంది. పద్నాలుగు అడుగుల బాడీ ఉన్న పాత ఐషర్ బండి, దానిని స్వయంగా నడిపే యజమాని, ఆయనకు సాయంగా వచ్చే తమ్ముడి కొడుకు, అంతే. వేపగుంటలో ఉన్న మా పాడిశాలను పద్మనాభం మండలంలో కొన్న జాగాకు మార్చవలసి వచ్చినప్పుడు, ముర్రా గేదెలను, జెర్సీ సంకర ఆవులను, వాటి దూడలను తరలించే పనిని వీరికే అప్పగించాము. వీరి కిరాయి మామూలు వ్యాన్ల కంటే బాగా ఎక్కువ. ఆ ఎక్కువ సొమ్ము దేనికి పోతుందో, అది ఇవ్వదగినదో కాదో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

గోపాలపట్నం, వేపగుంట, చినముషిడివాడ వైపు అపార్టుమెంట్లు పెరిగిన కొద్దీ పాడిశాలలు ఒక్కొక్కటిగా ఊరి బయటకు జరుగుతున్నాయి. శాల మార్చేవారికే కాదు, అలమండ సంతలో పశువును కొని ఇంటికి తెచ్చుకునేవారికీ బండి కావాలి. అప్పుడు సాధారణంగా జరిగేది ఒకటే. నిన్న ఇటుకలు, మొన్న సిమెంటు మోసిన పికప్ వ్యానును కిరాయికి మాట్లాడుకుంటారు. దాని వెనక భాగాన్ని ఏ మట్టిగట్టుకో ఆనిస్తారు. ముందు ఒకరు తాడు పట్టి లాగుతుంటే, వెనక నలుగురు చేరి తోక మెలిపెడతారు, అరుస్తారు, కర్రతో పొడుస్తారు. పశువు బెదిరి ఒక్క గెంతు గెంతి లోపల పడుతుంది. మిగిలినవాటిని కూడా ఇదే పద్ధతిలో ఎక్కించి, ఒకదానికొకటి ఆనుకుని ఉంటే పడిపోవన్న ధీమాతో పట్టినన్నిటిని కుక్కుతారు. ఈ నమ్మకం మన ప్రాంతంలో చాలా గట్టిగా నాటుకున్నది గనుక దాని గురించి ఒక మాట చెప్పవలసి ఉంది. కిక్కిరిసిన బండిలో పశువుకు కాళ్లు ఎడం చేసి నిలదొక్కుకునే చోటుండదు. ఒకసారి పడిందంటే మళ్లీ లేచే చోటు అసలే ఉండదు. పక్క పశువులు తాము పడకుండా ఉండే ప్రయత్నంలో దానినే తొక్కుతాయి. పశువు నిలబడగలిగేది పక్కదాని ఆసరాతో కాదు, జారని నేల మీద నాలుగు కాళ్లూ తనకు కావలసినంత దూరంలో పెట్టుకోగలగడం వల్ల.

చోటు ఎంత ఉండాలన్నది బండి యజమాని ఇష్టానికి వదిలిన విషయం కూడా కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1978లో వచ్చిన జంతు రవాణా నిబంధనలు ఒక్కో పశువుకు సగటున రెండు చదరపు మీటర్లకు తగ్గకుండా చోటు ఇవ్వాలని చెబుతున్నాయి. ఒక సరుకు వాహనంలో ఆరు పశువులకు మించి ఎక్కించరాదన్న నియమం కూడా వాటిలోనే ఉంది. ఈ ‘ఆరు’ అన్న అంకె డ్రైవర్లకు కంఠస్థం. రెండు చదరపు మీటర్ల మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు. గేదెల వ్యాను లోపలి కొలత పద్నాలుగు అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, అంటే 91 చదరపు అడుగులు. రెండు చదరపు మీటర్లంటే సుమారు ఇరవై ఒకటిన్నర చదరపు అడుగులు గనుక, ఆ బండిలో చట్టప్రకారం నాలుగు పెద్ద పశువులకే చోటుంది. యజమాని మొదటి ఫోనులోనే నాలుగుకు మించి ఎక్కించనని చెప్పేశారు. దూడలు ఉన్న ట్రిప్పులో పెద్దవాటిని మూడుకు తగ్గించారు. దీనివల్ల ట్రిప్పులు పెరిగి మాకు ఖర్చు పెరిగిన మాట నిజమే. కానీ ఇదే లెక్క వేస్తే టాటా ఏస్‌లో ఒక్క గేదె మాత్రమే ప్రయాణించాలి. రెండు గేదెలను, వాటి దూడలను వేసుకుని హైవే మీద దూసుకుపోయే ఏస్ బండ్లను మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

బండిలో పశువుకూ పశువుకూ మధ్య ఇనప గొట్టాలతో చేసిన అడ్డుకట్టలున్నాయి. 2016 జనవరి నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధన ప్రతి పశువునూ విడి అరలో తీసుకువెళ్లాలని చెబుతుంది గనుక ఇది మంచి ఏర్పాటే. అయితే ఆ నిబంధన అక్షరాలా కోరేది శాశ్వతంగా బిగించిన అరలను. వీరివి కొక్కేలకు తగిలించి, అక్కర తీరాక విప్పి పక్కన పెట్టేవి. మంచి డ్రైవరు చేతిలో ఉన్నంత కాలం ఇది పెద్ద లోపంగా కనిపించకపోవచ్చు గానీ, ఇంత శ్రద్ధ ఉన్న మనిషి ఈ ఒక్కటీ సరిచేసుకోకపోవడం నాకు నచ్చలేదు.

నేల విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఇనప రేకు మీద పేడ, మూత్రం కలిస్తే గిట్ట నిలవదు. ఇక్కడ రేకు మీద శాలల్లో వాడే మందపాటి రబ్బరు మ్యాట్లు పరిచి, వాటి మీద కొబ్బరిపీచు పట్టాలు వేసి, పైన పొడి ఊక చల్లారు. పక్క గోడలకు పశువు తుంటి ఎముక తగిలే ఎత్తులో పీచు కుక్కిన గోనెసంచులు వరసగా కట్టి ఉన్నాయి. వెనక తలుపుకు ఉండే గొలుసును పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టడం నాకు మొదట అర్థం కాలేదు. వేలాడే గొలుసు కదిలినా, ఇనుముకు తగిలి చప్పుడు చేసినా పశువు అక్కడే ఆగిపోతుందని సహాయకుడు చెప్పాక, మా శాల గేటు గొలుసు దగ్గర మా గేదెలు రోజూ ఎందుకు తటపటాయిస్తాయో కూడా తెలిసింది.

అన్నిటికంటే ముఖ్యమైనది ర్యాంపు. బండి నేల భూమికి సుమారు మూడు అడుగుల ఎత్తులో ఉంటుంది. వీరి ర్యాంపు పొడవు తొమ్మిది అడుగులు. ఈ రెండు కొలతలకు వచ్చే వాలు ఇరవై డిగ్రీల లోపే ఉంటుంది. పశువుల ర్యాంపు అంతకంటే నిటారుగా ఉండకూడదని ఈ విషయం తెలిసినవారు చెబుతారు. దాని మీద అడ్డంగా ఎనిమిది అంగుళాలకు ఒకటి చొప్పున చెక్కపట్టీలు కొట్టి ఉన్నాయి, అందువల్ల గిట్ట మెట్టు మీద ఆనినట్టు ఆనుతుంది. పొట్టి ర్యాంపుతో వచ్చే బండ్లు పశువును ఎక్కనివ్వవు, దూకిస్తాయి. దూకిన పశువు కాలు బెణకవచ్చు. పొదుగు నిండుగా ఉంటే అంచుకు గీరుకోవచ్చు. చూడి పశువైతే చెప్పనవసరం లేదు. ఇంత బరువైన ర్యాంపును మోయడానికి, దించడానికి, అమర్చడానికి ఇద్దరు మనుషులు, చాలినంత సమయం కావాలి. కిరాయిలో పెద్ద వాటా ఈ సమయానిదే.

మా శాలలో ఎక్కింపు తెల్లవారకముందే మొదలైంది. పాలు పితకడం ముగించి, కడుపునిండా నీళ్లు తాగించి, కాస్త ఎండుగడ్డి వేసి ఉంచమని, దాణా మాత్రం పెట్టవద్దని ముందు రోజే ఫోనులో చెప్పారు. వచ్చిన తరువాత కొంతసేపు ఆ ఇద్దరూ ఏ పనీ చేయలేదు. గేదెల మధ్య నెమ్మదిగా తిరుగుతూ, ఏది నెమ్మదస్తురాలో, ఏది ఉలికిపడుతుందో చూశారు. మందలో పెద్దది ఏదని అడిగి, ఆ ముసలి గేదెనే మొదట ఎక్కించాలని నిర్ణయించారు. బండి లోపల ముందు భాగంలో ఒక దీపం పైకప్పు వైపు తిప్పి పెట్టారు. పశువు వెలుగులోంచి చీకటిలోకి నడవడానికి ఇష్టపడదు, అలాగని కళ్లలోకి సూటిగా పడే వెలుగును చూసినా వెనక్కి తగ్గుతుంది. ముసలి గేదె ఎటువంటి పేచీ లేకుండా ఎక్కింది. దాని వెనకే మరొకటి ఎక్కింది.

పేచీ పెట్టింది పడ్డ, అంటే ఇంకా ఈనని పడుచు గేదె. అది ఎన్నడూ బండి ఎక్కి ఎరగదు. ర్యాంపు మొదట్లోకి వచ్చి ఆగి, చెవులు ముందుకు నిక్కించి, మూతిని చెక్క మీదికి దించి గట్టిగా గాలి వదిలింది. ముందు కాలు మొదటి పట్టీ మీద పెట్టి, చెక్క చప్పుడు కాగానే వెనక్కి తీసుకుంది. ఊరి అలవాటు ప్రకారం మా మావయ్యగారు దాని వెనక్కి వెళ్లి చెయ్యి వేయబోయారు. యజమాని గొంతు పెంచకుండానే, “పెద్దాయనా, మీరు ఇవతలకి వచ్చీండి. దాన్ని తొయ్యకండి. అది చూసుకుంటాది, చూసుకున్నాక దానంతటదే ఎక్కుతాది” అన్నారు. అందరినీ దూరంగా జరిపి, తాను మాత్రం దాని జబ్బకు కొంచెం వెనగ్గా, పక్కగా నిలబడ్డారు. పడ్డ చూపు ఎటు పోతున్నదో గమనించి, ర్యాంపు పక్క గొట్టాల సందుల్లోంచి పడుతున్న వెలుగుచారలే దానికి అడ్డమని గుర్తుపట్టారు. సహాయకుడు ఆ సందులకు రెండు వైపులా గోనెపట్టాలు కట్టాడు. దాని సొంత కట్టు దగ్గర నుంచి తొక్కిన గడ్డిని, కాస్త పేడను తెచ్చి ర్యాంపు మీద చల్లాడు. పడ్డ మరోసారి తల దించి వాసన చూసింది. ఆ తరువాత ఎవరూ తాకకుండానే నాలుగు అంగల్లో లోపలికి నడిచి, ముసలి గేదె పక్కన నిలబడి తోక విసురుకుంది.

ఇందులో మంత్రం ఏమీ లేదు, పశువు చూపు గురించి తెలిస్తే చాలు. గేదెకైనా ఆవుకైనా కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ ఉన్నదంతా దానికి కనబడుతుంది, సరిగ్గా వెనక ఉన్నది తప్ప. అయితే లోతును అంచనా కట్టే శక్తి తక్కువ. నేల మీద పడిన నీడ, తడి మరక, రేకు అంచు దానికి గుంటలుగా తోచవచ్చు. అవునో కాదో తేల్చుకోవడానికి ఆగి, తల దించి చూడాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా పొడిస్తే, ముందున్న గుంట కంటే వెనకున్న మనిషే భయంకరమని అది తీర్మానించుకుని దూకుతుంది. ఇక మనిషి నిలబడే చోటు సంగతి. పశువు జబ్బకు వెనగ్గా, పక్కన ఒక అడుగు వేస్తే అది ముందుకు కదులుతుంది. జబ్బ దాటి ముందుకు వెళ్లి నిలబడితే వెనక్కి తగ్గుతుంది. సరిగ్గా వెనక నిలబడితే మనిషి కనబడక బెదిరి తన్నుతుంది. సహాయకుడు ఒక అడుగు ముందుకు వేసి, పశువు కదలగానే ఆ అడుగు వెనక్కి తీసుకునేవాడు. అలా వెనక్కి తీసుకోవడమే దానికి మెచ్చుకోలు. అతని చేతిలో ముల్లుకర్ర లేదు, భుజాన ఒక తువ్వాలు మాత్రం ఉంది. ఒక ఆవు విషయంలో ఒకే ఒక్కసారి ఆ తువ్వాలుతో దాని తొడ మీద తట్టాడు, అదీ యజమాని కంటపడి చీవాట్లు తిన్నాడు.

కట్టే పద్ధతి కూడా చెప్పుకోదగినది. ముకుతాడు ఉన్నవాటిని కూడా ముకుతాటితో బండికి కట్టలేదు. సడన్ బ్రేకు పడితే ముక్కు చీలుతుంది. ప్రతిదానికీ తలతాడు వేసి, ముందు గొట్టానికి, లాగితే వెంటనే ఊడే ముడితో కట్టారు. తాడు పొడవు తల మామూలు ఎత్తులో ఉంచుకునేందుకు సరిపడేటంత, కాలు దాటి ఇరుక్కునేటంత మాత్రం కాదు. పశువులు ఇంజను వైపు ముఖం పెట్టి ఉండటం మేలని నిబంధనలు చెబుతాయి. నాలుగింటినీ అలాగే నిలబెట్టారు. దూడలున్న ట్రిప్పులో వాటిని తల్లులకు కనబడేటట్టు పక్క అరలో ఉంచారు. దూడ కనబడినంత సేపూ తల్లి అరవదు, తల్లి అరవకపోతే మిగతావి బెదరవు.

మాకు అప్పుడు ఇబ్బంది కలిగించి, తరువాత సమంజసమనిపించిన విషయం ఒకటుంది. మా గేదెల్లో ఒకటి నిండు చూలుతో ఉంది. దానికి చూడి కట్టే సూది ఎప్పుడు వేయించారని యజమాని అడిగి, తేదీ చెప్పగానే దానిని ఎక్కించనని తెగేసి చెప్పారు. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. చివరి పదో వంతు కాలంలో, అంటే ఇంచుమించు ఆఖరి నెలలో ఉన్న పశువును ప్రయాణానికి పనికిరానిదిగా భావించాలన్నది ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణం. ఈని 48 గంటలు కాకుండానే దూడ వెంట లేకుండా ప్రయాణించే తల్లులకు, బొడ్డు ఇంకా ఆరని దూడలకు కూడా ఆ ప్రమాణమే వర్తిస్తుంది. యజమాని ఆ పత్రాలేవీ చదివి ఉండరు గానీ ఆయన గీసుకున్న గీత అక్కడే ఉంది. డబ్బు కోసం ఒప్పుకునే బండ్లు దొరక్కపోవు. మేము ఆ గేదెను పొరుగువారి శాలలో ఉంచి, ఈనాక, తల్లీదూడా కోలుకున్నాక రప్పించుకున్నాము.

కాగితాల విషయంలోనూ ఆయన ఖచ్చితం. పశువులు ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాయని అర్హుడైన పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం లేకపోతే రవాణాదారు వాటిని తీసుకోవడానికి నిరాకరించాలని 1978 నిబంధనల్లోనే ఉంది. మా ప్రాంత పశువైద్యశాల డాక్టరుగారు ముందు రోజు వచ్చి జ్వరం, గిట్టలు, కళ్లు చూసి, చెవిపోగుల మీది పన్నెండు అంకెల నంబర్లు సరిచూసి పత్రం ఇచ్చారు. దాని నకళ్లు రెండు తీసి, ఒకటి బండిలో, ఒకటి మన దగ్గర ఉంచుకోవాలి. డాక్టరుగారు చెప్పిన మరో మాట ఇక్కడ పంచుకోదగినది: గొంతువాపు, గాలికుంటు టీకాలు వేయించకపోతే బయలుదేరే రోజున హడావుడిగా వేయించడం వల్ల ప్రయోజనం లేదు. టీకా పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ప్రయాణపు అలసట వల్ల రోగనిరోధక శక్తి తగ్గేది మాత్రం ఆ రోజే. వానాకాలంలో ఇలా అలసిన గేదెలను గొంతువాపు పట్టుకుంటే గంటల వ్యవధిలో ప్రాణం మీదికి వస్తుంది.

దారి వేపగుంట నుంచి పెందుర్తి, అక్కడి నుంచి ఆరు వరసల రోడ్డు మీదుగా సొంఠ్యాం, ఆనందపురం, తరువాత పద్మనాభం వైపు. నేను ముందు క్యాబిన్‌లో కూర్చున్నాను. బయలుదేరిన కొద్దిసేపటికే రోడ్డు పక్కన ఆపి, దిగి, తాళ్లూ కాళ్లూ చూసి వచ్చారు. కదలడం మొదలైన తొలి నిమిషాల్లోనే పశువులు ఎక్కువగా తూలుతాయని, తరువాత బండి ఊగుకు అలవాటు పడతాయని చెప్పారు. హైవే మీద అవకాశం ఉన్నా వేగం పెంచలేదు. బ్రేకు మీద కాలు వేయడం కంటే ముందే గేరు తగ్గించి బండిని నెమ్మదింపజేయడం ఆయన అలవాటు. ఊళ్లలోని స్పీడు బ్రేకర్ల దగ్గర దాదాపు ఆపి, ఒక్కో చక్రాన్ని దాటించారు. వెనక వచ్చే ఆటోవాళ్లు హారన్లు మోగిస్తున్నా పట్టించుకోలేదు. గొడవంతా ఆ హారన్లతోనే. హారన్ మోగిన ప్రతిసారీ వెనక అద్దంలోంచి గేదెల చెవులు ఒక్కసారిగా తిరగడం కనిపించేది.

తెల్లవారుజామున బయలుదేరడం ఆయన పెట్టే షరతు. విశాఖ వేసవిలో ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధిస్తుంది. గేదె చర్మం నల్లనిది, చెమట గ్రంథులు తక్కువ, నీళ్లలో పడుకుంటే తప్ప వేడిని సులువుగా వదిలించుకోలేదు. బండి నడుస్తున్నంత సేపూ గాలి ఆడుతుంది. టీ కోసమో, టైరు కోసమో ఎండలో ఆపితే లోపల వేడి పేరుకుంటుంది. నోరు తెరిచి ఒగర్చడం, నాలుక బయటపెట్టడం, చొంగ తీగలుగా కారడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, నీళ్లు తాగించి, ఒంటి మీద నీళ్లు చల్లాలి. మాకు ఆ అవసరం రాలేదు. బండిలో నీళ్ల డ్రమ్ము, బకెట్లు, ప్రథమ చికిత్స డబ్బా ఉన్నాయి. డబ్బా తెరిచి చూస్తే అయోడిన్ సీసా, దూది, కట్టు గుడ్డ సరిగానే ఉన్నాయి.

దించడంలోనూ ఇదే నిదానం. కొత్త శాల ముందు సిమెంటు నేల అప్పుడే కడిగి తడిగా ఉండటంతో, దాని మీద ఇసుక చల్లేదాకా ఆయన ర్యాంపు దించలేదు. బయటి వెలుగు కనబడగానే పశువులు తొందరపడతాయి, ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువగా జారతాయి. ఒక్కొక్కదాన్నే విప్పి, ముందుది నేల మీద నిలబడ్డాకే రెండోదాన్ని వదిలారు. ఆ రోజు సాయంత్రం గేదెలు సరిగా చేపలేదు, అంటే పాలు పొదుగులోంచి దిగనివ్వలేదు. భయం కలిగినప్పుడు పుట్టే అడ్రినలిన్ పాలు దిగడానికి కావలసిన హార్మోనుకు అడ్డుపడుతుంది గనుక కొంత తగ్గడం సహజమే. రెండు మూడు రోజుల్లో పాలు మామూలుకు వచ్చాయి. అంతకుముందు ఒక సాధారణ వ్యానులో తెప్పించుకున్న ఆవు మోకాళ్లు గీరుకుపోయి, దగ్గుతో, జ్వరంతో దిగింది. దాని పాలు తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. మందుల ఖర్చు, పోయిన పాల ఖరీదు కలిపితే రెండు కిరాయిల మధ్య తేడా ఏమూలకూ రాదు.

ఇక లోపాలు. మొదటిది శుభ్రత, ఇది నా దృష్టిలో తీవ్రమైనది. బండి మా దగ్గరికి వచ్చినప్పుడు మ్యాట్ల అంచుల కింద అంతకుముందు ప్రయాణం తాలూకు పేడ ఎండి ఉంది. గాలికుంటు వంటి వ్యాధి ఒక శాల నుంచి మరో శాలకు పాకడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. మా కుర్రాళ్లు మ్యాట్లు ఎత్తి కడిగి, లీటరు నీటికి నలభై గ్రాముల చొప్పున బట్టల సోడా కలిపిన ద్రావణం చల్లి, ఆరాకే ఎక్కింపు మొదలైంది. అడిగితే ఆయన అభ్యంతరం చెప్పలేదు, కానీ అడగవలసిన పని కాదది. పశువుల పట్ల ఇంత ఓపిక ఉన్న మనిషి బండి కడగడంలో బద్ధకించడం నాకు మింగుడుపడలేదు.

రెండోది, పైకప్పు స్థానంలో ఇనప జాలి తప్ప నీడ లేదు. టార్పాలిన్ ఉంది గానీ కట్టడానికి తగిన కొక్కేలు లేవు. గాలికి అది రెపరెపలాడితే పశువులు బెదురుతాయని తీసి పక్కన పెట్టేస్తారు. తెల్లవారుజాము ప్రయాణాలకు ఇది సరిపోవచ్చు. ఆలస్యమైతే మాత్రం కష్టం, ఆలస్యం వీరికి అలవాటే. చెప్పిన సమయానికి గంట తరువాత వచ్చారు. మూడోది, రసీదు ఇవ్వరు. దారిలో పశువుకు ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిదన్నది రాతపూర్వకంగా ఎక్కడా ఉండదు. ఒక్కో ముర్రా గేదె ఖరీదు తెలిసినవారెవరికైనా ఇది చిన్న విషయం కాదు. బీమా ఉన్న పశువైతే, ప్రయాణంలో జరిగే ప్రమాదం పాలసీ పరిధిలోకి వస్తుందో లేదో బయలుదేరకముందే అడిగి తెలుసుకోవాలి.

గడ్డి కోసే యంత్రాన్ని, తొట్లను పశువులతో పాటు ఎక్కించడానికి ఒప్పుకోలేదని మా ఇంట్లో కొందరు దీనినీ లోపాల కింద లెక్కించారు. నేను లెక్కించను. పశువులున్న బండిలో వేరే సరుకు వేయరాదన్నది నియమం, బరువైన ఇనప యంత్రం బ్రేకుకు జరిగి గేదె కాళ్ల మీద పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. వాటి కోసం వేరే వ్యాను మాట్లాడుకున్నాము.

కిరాయి మా దూరానికి ట్రిప్పుకు 4,500 రూపాయలు తీసుకున్నారు. అదే దూరానికి మామూలు వ్యాన్లు మూడు వేలకు లోపే వస్తామన్నాయి, పైగా ఆరింటిని ఒకేసారి ఎక్కిస్తామన్నాయి. తలకు లెక్క కడితే గేదెల వ్యాను రెట్టింపు కంటే ఎక్కువే పడుతుంది. పాలిచ్చే పశువులకు, పడ్డలకు, ఎన్నడూ బండి ఎక్కనివాటికి ఆ డబ్బు దండగ కాదని నా అభిప్రాయం. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్న ఒక్క దూడను తీసుకువెళ్లడానికి ఇంత పెద్ద బండి అక్కర లేదు. అయితే ఆ దూడను కాళ్లు కట్టి ఆటోలో కాళ్ల దగ్గర పడేసే పద్ధతిని మానుకుని, అడుగున గడ్డి పరిచిన చిన్న వ్యానులో, పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీసుకువెళ్లడం అంత ఖర్చుతో కూడిన పని కాదు. పాడేరు ఘాట్ వంటి మలుపుల దారికి గానీ, రాత్రంతా సాగే దూర ప్రయాణాలకు గానీ వీరు రారు. ఆ సంగతి ముందే చెప్పేస్తారు.

పిలవదలచినవారు మధ్యాహ్నం తరువాత ఫోను చేయడం మంచిది, పొద్దుటి పూట ఆయన బండి నడుపుతూ ఎత్తరు. పశువులు ఎన్ని, వాటిలో చూడివి ఏవి, దూడల వయసు ఎంత అన్నవి మొదటి మాటలోనే చెప్పాలి. బండి కడిగి మందు చల్లి తీసుకురమ్మని, సమయం దాటితే ఎండ ఎక్కుతుందని గట్టిగా చెప్పాలి. ర్యాంపు పరవడానికి బండి వెనక కనీసం పన్నెండు అడుగుల ఖాళీ, గట్టి నేల రెండు చోట్లా ఉండాలి. ఇరుకు సందులో శాల ఉన్నవారు ఆ విషయం ఫోనులో చెబితే ఆయన ముందు రోజు వచ్చి చూసి వెళతారు, దానికి విడిగా ఏమీ తీసుకోరు.